బాయి దిగని మేడం

మొన్నొక పొద్దున నేను పనిచేసిన బాయి మీదికి వెళ్లాను. మా గోదావరిఖనిలో బొగ్గుగనిని బాయి అనే అంటాం. రిటైరైన మనిషికి అక్కడేం పని? క్యాంటీన్ చాయ్ తాగొస్తానని ఇంట్లో చెప్పి బయల్దేరతాను గానీ, షిఫ్టు మారే వేళ ఆ సందడి మధ్య కాసేపు నిలబడకపోతే నాకు తోచదు. ఆ రోజు, లోపలికి దిగేవాళ్లకు లైట్లిచ్చే ల్యాంపు రూము కిటికీ ముందు ఒక అమ్మాయి కనిపించింది. నెత్తిన హెల్మెట్, దానికి లైటు, నడుముకు బ్యాటరీ. కొత్తగా వచ్చిన ఇంజనీరట. పక్కవాళ్లతో ఏదో మాట్లాడుతూ నడిచి, అందరితోపాటు బాయి లోపలికి దిగిపోయింది. ఎవరూ ఆగి చూడలేదు. ఎవరికీ అదొక వింతగా తోచలేదు.

నేను మాత్రం చాయ్ గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. మా మేడం గుర్తొచ్చారు.

మా కాలంలో ఆడవాళ్లు భూమి లోపలి గనుల్లోకి దిగడానికి చట్టం ఒప్పుకునేది కాదు. ఆ చట్టం మారేసరికి మేడం లేరు. ఒక్కసారి కూడా బాయి దిగకుండా, ఇన్ని బాయిల పనులను ఒక్క తాటి మీదికి తెచ్చిన మనిషి ఆమె. పేరు రాయను. తన పేరు ఎక్కడైనా పెద్దక్షరాల్లో కనిపిస్తే ఆమెకు నచ్చేది కాదు.

కంప్యూటర్లు అప్పుడప్పుడే బాయి ఆఫీసుల్లోకి వచ్చిన రోజులవి. మా కంపెనీ గనులు గోదావరికి ఇటూ అటూ, కొత్తగూడెం నుంచి బెల్లంపల్లి దాకా పరుచుకుని ఉంటాయి. వాటిని ఏరియాలుగా విడగొట్టారు. ప్రతి బాయికీ ఒక కంప్యూటర్, వర్క్‌షాపుకు ఒకటి, స్టోర్సుకు మరొకటి. ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు. మా బాయిలో పంపు మోటారు కాలితే మా కంప్యూటర్లో ఎక్కించుకునేవాళ్లం. లారీలో వర్క్‌షాపుకు పంపితే వాళ్లు తమ దాంట్లో ఎక్కించుకునేవారు. తీగ కావాలని వాళ్లు స్టోర్సును అడిగితే ఆ ముక్క అక్కడ ఉండిపోయేది. అక్కడినుంచి ఆ మోటారు ఎవరిదీ కాదు. ఫోన్ చేస్తే ఒకటే జవాబు, "చూస్తున్నం." నది అవతల శ్రీరాంపూర్ వర్క్‌షాపులో అచ్చం అలాంటి మోటారే బాగై, దుమ్ముకొట్టుకుని పడి ఉందన్న సంగతి మాకు ఎప్పటికో, ఎవరి పెండ్లిలోనో భోజనాల దగ్గర తెలిసేది.

ఈ పనులన్నీ ఒకచోటికి చేరాలని, ఏ పని ఎక్కడ మొదలైందో, ఎవరి చేతిలో ఉందో, ముగిసిందో లేదో కంపెనీ అంతటికీ కనిపించేలా సర్వర్లు పెట్టాలని కొత్తగూడెం హెడ్డాఫీసు అనుకుంది. ఆ ప్లాను వేసే బాధ్యత మేడంకు అప్పగించి గోదావరిఖని ఉన్న మా రామగుండం ఏరియాకు పంపింది. బాయి సంగతులు తెలిసిన మనిషి ఒకడు తోడుండాలని, ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా ఉన్న నన్ను ఆమెకు జతచేశారు.

మొదటిరోజు మా మేనేజర్ గారు ఆమెను మర్యాదగా ఆఫీసులో కూర్చోబెట్టారు. ఆయనది గుంటూరు వైపు.

"కిందికి ఆడవాళ్లకి పర్మిషన్ లేదు మేడం. మీరిక్కడ ఫ్యాను కింద కూర్చోండి. ఏం కావాలన్నా మావాళ్లు తెచ్చి చూపిస్తారు" అన్నారాయన.

"తెలుసు సర్. మా నాయిన బాయిలనే పనిచేసిండు. నస్పూర్ కాలనీల పెరిగిన" అన్నారు మేడం. "లోపలికి పోయినోళ్లు బయటికైతే వస్తరు గద. నేను ఆడనే కూసుంట."

ల్యాంపు రూము ముందు ఒక సిమెంటు బెంచీ ఉండేది. ఆ మధ్యాహ్నం నుంచి అది ఆమె ఆఫీసైపోయింది. పొట్టి మనిషి. నూలు చీర, బిగించి కట్టిన ముడి. బొగ్గుపొడి మీద పడితే దులుపుకోవడం నేనెప్పుడూ చూడలేదు. షిఫ్టు దిగి, మొహాల మీద కళ్లూ పళ్లూ తప్ప ఏమీ కనబడకుండా వచ్చేవాళ్లను పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవారు.

"ఇయ్యాల లోపల ఏం పనాగింది? దేనికాగింది? ఎవరి మీదుంది?"

ఈ మూడో ప్రశ్నే ఆమెది. "పంపు రిపేరుకు పోయింది మేడం" అని ఎవరైనా అంటే, "ఎవరి మీదుంది?" అనేవారు. "వర్క్‌షాపోళ్ల మీదుంది" అంటే, "వర్క్‌షాపు గోడ మీదనా, తలుపు మీదనా? మనిషిని చెప్పు" అనేవారు. గొంతు పెంచేవారు కాదు. అవతలి మనిషి జవాబు చెప్తుంటే కళ్లు మూసుకునేవారు. కుడిచేతి చూపుడువేలు బెంచీ మీద ఏవో గీతలు గీస్తూ పోయేది. లోపలి దారులూ, పంపులూ, పైపులూ అన్నీ ఆ వేలి కిందినుంచి నడిచేవి. మధ్యలో మనం ఆగితే వేలు కూడా ఆగేది. "ఊఁ, ఆడికెళ్లి?" అనేవారు, అక్కడినుంచి ఎటు అన్నట్టు, కళ్లు తెరవకుండానే.

ఆమె సంచిలో ఒక చిన్న డబ్బా ఉండేది. అందులో ఉప్పు వేసి ఎండబెట్టిన ఉసిరి ముక్కలు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడనుకున్న మనిషికి ఒక ముక్క దొరికేది. సగం దాచాడనుకుంటే డబ్బా మూత తెరుచుకునేది కాదు. కొన్నాళ్లకు అదో వేడుకైంది. "నేను నిజమే చెప్పిన మేడం, నాకు ఉసిరికాయ రాలె" అని లోపల పని చూసే పెద్దపెద్ద మీసాల సర్దార్లు పంచాయితీకి వచ్చేవారు.

"నిజమే చెప్పినవ్ గని, పూర్తిగ చెప్పలె. టబ్బులు గుంజే హాలర్ తాడు ఎవలు తెంపిన్రో చెప్పు, ఇస్త."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవారు. అతనూ నవ్వి చెప్పేవాడు.

ఇదంతా బాగానే నడిచింది గానీ, ఆమె ప్లాను ఎట్లా ఉండబోతుందో బయటపడ్డ రోజు బాయి మీద గాలి మారింది. ప్రతి పనికీ ఎదురుగా ఒక మనిషి పేరు ఉంటుందని తెలిసింది. మా యూనియన్ తరఫున బాయి బాధ్యతలు చూసే కొమురయ్య, క్యాంటీన్లో మేడం భోజనం చేస్తుండగా వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. నిదానం మనిషి, కానీ ఆయన కాదంటే మా బాయిలో ఏదీ సాగదు.

"మీరు మంచోళ్లే మేడం. మీ మిషిన్ల మా పేర్లు పెట్టుడే మంచిగ లేదు. ఇయ్యాల పేరెక్కిస్తరు, రేపు గదే పేరు మీద చార్జిషీటిస్తరు."

మేడం ముద్ద కలపడం ఆపారు.

"నిజమే కొమురన్నా. ఇస్తరు. నాకు గూడ ఫికర్ దాని గురించే."

ఆ జవాబు కొమురయ్య ఊహించలేదు. "అయితే పేరు తీసెయ్యుండ్రి" అన్నాడు.

"తీసేస్తే మళ్ల చూస్తున్నం అనేకాడికే వస్తం. నాకు రెండు దినాలు టైమియ్యి."

ఆ రెండు రోజులూ ఆమె బెంచీ మీదికి రాలేదు. మూడో రోజు వచ్చి కొమురయ్యను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. పేరు పక్కన కొత్తగా ఒక గడి చేరింది. పని చేసేవాడు తనకు ఏం కావాలో అందులో చెప్పాలి. అది ఇవ్వాల్సిన ఆఫీసరు పేరు కూడా వెంటనే అక్కడ కనిపిస్తుంది. ఇవ్వకపోతే పని ఆగిపోతుంది. అట్లా ఆగిన పనుల్లో పైన కనిపించేది ఇవ్వాల్సిన వాడి పేరు.

కొమురయ్య చాలాసేపు చూశాడు. "అంటే, మా పేర్లు కింద, ఆఫీసర్ల పేర్లు మీద."

"గట్లనే అనుకో."

"మరి చార్జిషీటు?"

మేడం కిటికీలోంచి చూపించారు. బయట మేనేజర్ గారు షిఫ్టు దిగిన వాళ్లందరినీ నిలబెట్టి మాట్లాడుతున్నారు. ఈ కంప్యూటర్లో కనబడిన పేరును బట్టి తన బాయిలో ఎవరి మీదా చర్య ఉండదని, ఆ మాట తనదని చెప్తున్నారు. ఆయన చేత ఆ మాట అనిపించడానికే మేడంకు రెండు రోజులు పట్టిందని తర్వాత తెలిసింది.

మొదటి పని కొమురయ్యే ఎక్కించాడు. ఒక్క వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ. బాయి మీద విశ్రాంతి షెడ్డులో మంచినీళ్ల కూలర్ చెడిపోయి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. దాన్ని బాగుచెయ్యాలి. పేరు, మా ఫిట్టర్ది. కావలసింది, ఒక చిన్న మోటారు. ఇవ్వాల్సింది, స్టోర్సు ఆఫీసరు. ఆ వారం లోపలే షెడ్డులో చల్లటి నీళ్లు వచ్చాయి. కొమురయ్య మొదటి గ్లాసు తీసుకెళ్లి మేడం చేతిలో పెట్టాడు. ఆమె తాగి, డబ్బా తెరిచి రెండు ముక్కలిచ్చారు. ఆ తర్వాత మా బాయిలో పనులు ఎక్కించమని ఎవరినీ అడగాల్సిన అవసరం రాలేదు.

అసలు గండం కొత్తగూడెంలో ఎదురైంది.

హెడ్డాఫీసులో కంప్యూటర్ల విభాగానికి ఒక పెద్దసారు ఉండేవారు. తెలివైన మనిషి, మాట సూటిగా ఉంటుంది. అన్ని ఏరియాల వాళ్లనూ పిలిచి సమావేశం పెట్టారు. హైదరాబాద్ నుంచి వచ్చిన సర్వర్లమ్మే కంపెనీ మనుషులు అప్పటికే ఒక ప్లాను ఇచ్చి ఉన్నారు. కొత్తగూడెంలో ఒక్క పెద్ద సర్వర్, అన్ని ఏరియాల నుంచీ దానికి లైన్లు. చూడటానికి నీటుగా ఉంది. మేడం ప్లానులో కొత్తగూడెంలో పెద్దది ఉంటూనే, ప్రతి ఏరియాకూ ఒక చిన్న సర్వర్ ఉంది. లైను తెగితే ఏరియా తన పని తాను చేసుకుంటుంది. కలవగానే జరిగిందంతా కొత్తగూడేనికి చెప్తుంది. పక్కపక్క ఏరియాలు ఒకదానితో ఒకటి నేరుగా కూడా మాట్లాడుకుంటాయి.

"అన్నీ ఒకచోటికి తేవమంటే మీరు ఏరియాకొకటి పెడతానంటున్నారు. ఇంకా ఒకచోటికి వచ్చినట్టెట్లా అమ్మా?" అన్నారు పెద్దసారు.

మేడం లేచి నిలబడ్డారు. "పద్ధతి ఒక్కటే సర్. పొయ్యి మాత్రం ఇంటింటికి ఉండాలె. అందరికీ కొత్తగూడెంలనే వండి పంపిస్తె, తొవ్వల లారీ ఆగిన దినం గోదావరిఖని పస్తులుంటది. మా దిక్కు వానకు లైను తెగుతది. డంపర్ తొట్టి దించకుండ పోతె తెగుతది. లైను తెగే దినమే మాకు పని ఎక్కువ."

కొందరు నవ్వారు. పెద్దసారు నవ్వలేదు.

"సరే, తెగింది. ఒక పంపు ఖాళీగా ఉంది. ఇటు రామగుండం మాది అని పెట్టుకుంది, అటు శ్రీరాంపూర్ మాది అని పెట్టుకుంది. లైను కలిసింది. ఎవరి మాట నిలబడాలి?"

ఆ ప్రశ్నకు జవాబు లేకపోతే మా ప్లాను అక్కడికక్కడే పోయినట్టే. మేడం కళ్లు మూసుకున్నారు. వేలు బల్ల మీద ఒక గీత గీసింది.

"పంపు ఎవరి షెడ్డుల ఉంటె మాట వాళ్లది సర్. మిగిలినోళ్లు అడగొచ్చు గని, పెట్టుకునే హక్కుండదు. ఇస్తా అన్న మాట షెడ్డోడి నోటికెళ్లే రావాలె. అప్పుడు ఒకే పంపుకు ఇద్దరు యజమానులు కారు."

తర్వాత ఆమె మేము తెచ్చిన రెండు కంప్యూటర్లను బల్ల మీద పెట్టించారు. ఇదొకటి కొత్తగూడెం, అదొకటి గోదావరిఖని. మధ్యలో ఒక తీగ. అందరి ముందూ ఆ తీగ పీకి పక్కన పెట్టారు. నన్ను గోదావరిఖని ముందు కూర్చోబెట్టి పని ఎక్కించమన్నారు. రెండుసార్లు తప్పు కొట్టి దిద్దుకున్నాను. ఎక్కించాను. తీగ మళ్లీ పెట్టారు. కొత్తగూడెం తెర మీద నా పని వచ్చి కూర్చుంది.

పెద్దసారు కుర్చీలోంచి లేచి వచ్చారు. తీగ తానే పీకారు. తానే ఒక పని ఎక్కించారు. తానే తీగ పెట్టారు. అట్లా ఎన్నిసార్లు చేశారో. చివరికి నిటారుగా నిలబడి అన్నారు.

"ఈ వానాకాలం రామగుండం, శ్రీరాంపూర్ రెండింట్లో నడిపించి చూపించండి. నిలబడితే అన్ని ఏరియాలకూ ఇదే. నిలబడకపోతే కొత్తగూడెంలో ఒక్కటే పెడతాం. ఇక దీని మీద మళ్లీ మాట్లాడుకోవద్దు."

"మంచిది సర్" అన్నారు మేడం.

తిరుగు ప్రయాణంలో బస్సు ములుగు దగ్గర ఆగితే కాల్చిన మక్కకంకులు కొన్నారు. నాకొకటిచ్చి, "పెద్దసారు అడిగిన ప్రశ్న మంచిది. గట్ల అడిగేటోళ్లుంటెనే పని గట్టిపడ్తది" అన్నారు. ఆ తర్వాత గోదావరిఖని దాకా కిటికీలోంచి చూస్తూ కంకి గింజలు ఒక్కొక్కటే ఒలుచుకు తిన్నారు.

శ్రీరాంపూర్‌తో నేరుగా మాట్లాడటానికి నది మీదుగా రేడియో లింకు పెట్టాలి. మా ఏరియా ఆఫీసు మిద్దె మీద ఒక ఇనప టవర్ నిలబెట్టి, దానికి గిన్నెలాంటి యాంటెన్నా బిగించారు. అది అవతలి ఒడ్డువైపు సరిగ్గా తిరిగిందో లేదో చూడాలని మేడం కొంగు నడుముకు చుట్టి నిచ్చెన ఎక్కేశారు. కిందినుంచి మేమంతా వద్దని మొత్తుకున్నాం.

"భూమి లోపలికైతె పోనియ్యరు. మీదికెక్కితె ఆపే చట్టమెక్కడుంది?" అన్నారు పైనుంచి. అంత ఎత్తున, గోదావరి మీదినుంచి వచ్చే గాలికి చీర రెపరెపలాడుతుంటే, నది అవతల నస్పూర్ వైపు చెయ్యి చాపి ఏదో చూసుకుంటూ చాలాసేపు ఉన్నారు. తాను పెరిగిన కాలనీ అక్కడినుంచి కనిపించిందో లేదో నేనడగలేదు.

ఆ వానాకాలం మమ్మల్ని గట్టిగానే పరీక్షించింది. ముసురు పట్టి వదల్లేదు. వాగులన్నీ పొంగాయి. ఒకరోజు పొద్దటి షిఫ్టులో మా బాయి అట్టడుగున ఉన్న పెద్ద పంపు మోటారు కాలిపోయింది. పక్కనున్న చిన్న పంపు ఎంత తోడినా నీళ్లు పెరుగుతూనే ఉన్నాయి. పంపు మనుషులను తప్ప అందరినీ పైకి రప్పించారు. బయటి ఫోన్లు పనిచేయడం లేదు. కొత్తగూడెం లైను తెగిపోయింది.

మేనేజర్ గారు మావైపు తిరిగారు. "నీళ్లు కరెంటు ప్యానెల్‌ను తాకితే ఆ వైపు అంతా వదిలేసుకోవాలి. ఆ వైపు పోతే ఈ బాయి నడవదు" అన్నారు.

బాయి మూతబడితే మనుషులను తలా ఒక ఏరియాకు బదిలీ చేస్తారు. మణుగూరుకు కొందరు, ఇల్లందుకు కొందరు. కాలనీ కాలనీయే చెదిరిపోతుంది. బయట వానలో కొమురయ్య, మిగిలినవాళ్లంతా గొడుగుల్లేకుండా నిలబడి ఉన్నారు. ఎవరూ ఇంటికి పోలేదు.

మేడం ఆ రోజు మా బాయి ఆఫీసులోనే ఉన్నారు. "కూసో అన్నా" అన్నారు నన్ను, కంప్యూటర్ చూపిస్తూ. అంతకుముందు ఎప్పుడూ ఫోర్‌మన్ సాబ్ అనేవారు.

కొత్తగూడెం లేకపోయినా మా ఏరియా సర్వర్ పనిచేస్తూనే ఉంది. మోటారు రకం కొట్టి వెతికాను. శ్రీరాంపూర్ వర్క్‌షాపులో అలాంటిదొకటి బాగై, షెడ్డులో ఉన్నట్టు కనిపించింది.

"ఉన్నది మేడం" అన్నాను.

"అది పొద్దున వాళ్లు పెట్టిన మాట. ఇప్పుడు గూడ ఉన్నదో లేదో అడుగు. నీ పేరు పెట్టు. నీళ్లు ఎంతవరకొచ్చినయో అది గూడ పెట్టు."

పెట్టాను. ఇవ్వాల్సిన మనిషి దగ్గర శ్రీరాంపూర్ వర్క్‌షాపు ఫోర్‌మన్ రాజమల్లు పేరు వచ్చింది. నేనతన్ని ఎప్పుడూ చూడలేదు. ఆ లైను తెర మీద అట్లాగే నిలబడింది. దాని పక్కనే శ్రీరాంపూర్ బాయి ఒకటి అదే మోటారు అడిగినట్టు ఇంకో లైను ఉంది. మేనేజర్ గారు అది చూసి కుర్చీలో కూలబడ్డారు.

"సొంత బాయి అడిగాక మనకెందుకిస్తాడండి?"

కిటికీ మీద వాన చప్పుడు తప్ప ఇంకేమీ వినబడటం లేదు. టవర్ మీది యాంటెన్నా ఈ గాలికి తిరిగిపోయిందేమోనని నా భయం నాది.

అప్పుడు తెర మీద మాటలు వచ్చాయి. "మా బాయి నీళ్లు ఇంక రెండు దినాలు ఆగుతయ్. మీవి ఆగేటట్టు లేవు. లారీ ఎక్కిస్తున్న. బ్రిడ్జి మీద తొవ్వ మంచిగనే ఉన్నది. రాజమల్లు."

మేనేజర్ గారు ఆ మాటలు రెండుసార్లు పైకి చదివారు. నేను తలుపు తీసి బయటివాళ్లకు చెప్పాను. కొమురయ్య అప్పటికప్పుడే మనుషులను విడగొట్టాడు. కొందరు లారీ దించడానికి, కొందరు తాళ్లకు, కొందరు కిందికి.

లారీ వచ్చింది. మోటారును బాయి లోపలికి దించాం. కింద నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయి. ప్యానెల్‌కు ఇంకొంచెమే ఎడం. బాయి లోపలినుంచి పైకి మాట్లాడే ఫోను ఒకటి పనిచేస్తోంది. పైన మేడం ఆ ఫోను చెవికి పెట్టుకునే ఉన్నారు. మోటారు కూర్చోబెట్టామంటే, "ఊఁ" అనేవారు. బోల్టులు బిగిస్తున్నామంటే, "ఊఁ, ఆడికెళ్లి?" అనేవారు. మధ్యలో ఒక ఫిట్టర్ కాలుజారి నీళ్లలో పడితే మేమంతా అరిచాం. "ఏమైంది? ఎవలు?" అన్నారు. లేచాడని చెప్పేదాకా ఆ గొంతు మళ్లీ మామూలు కాలేదు.

స్విచ్ వేశాం. మోటారు మూలిగింది. తర్వాత పాట అందుకుంది. ఆ చప్పుడు వినిపించాలని ఫోను దాని దగ్గరికి పట్టుకుని, "మొదలైంది మేడం" అన్నాను. జవాబు లేదు. మళ్లీ పిలిచాను. లేదు.

ఎందుకో పైకి వచ్చాక కొమురయ్య చెప్పాడు. ఫోను బల్ల మీద పెట్టేసి ఆమె బయటికి పరుగెత్తారట. బాయి లోపలి నీళ్లు పైకి వచ్చే ఇనప పైపు ఒకటి, ఆఫీసు వెనక కాలువ దగ్గర తేలుతుంది. వానలో తడుస్తూ ఆ పైపును రెండు చేతులతో పట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడ్డారట. చుట్టూ జనం. కాసేపటికి, "వస్తున్నయ్" అన్నారట. అప్పటికింకా చుక్క కూడా రాలేదు. ఆ మాట అన్నాక పైపు దగ్గింది, వణికింది, నల్లటి నీళ్లు దబదబా కాలువలోకి దూకాయి. వాన చప్పుడు వినబడనంతగా జనం కేకలేశారట. ఆమె వంగి ఆ నల్లనీళ్లు దోసిట్లో పట్టుకుని చూసుకున్నారట.

నేను పైకి వచ్చేసరికి ఇంకా అక్కడే ఉన్నారు. మొహం మీద, చీర మీద బొగ్గు మరకలు. షిఫ్టు దిగి వచ్చిన మనిషిలాగే ఉన్నారు. కొమురయ్య చాయ్ గ్లాసు తెచ్చి, "తాగు అక్కా, చల్లారుతది" అన్నాడు. అంతవరకూ మేడం, మీరు అన్న మనిషి. ఆ రోజు నుంచి మా బాయిలో ఆమె అందరికీ అక్కే. నాకు మాత్రం మేడం అన్నమాట నోటినుంచి పోలేదు.

నీళ్లు మెల్లగా తగ్గాయి. బాయి నిలబడింది. ఎవరూ ఎక్కడికీ బదిలీ కాలేదు. శ్రీరాంపూర్ బాయికి కావలసిన మోటారు మా వర్క్‌షాపులో రిపేరవుతోందని తెర మీదే కనిపిస్తే, రాజమల్లు అడగకముందే అది నది దాటింది. కొత్తగూడెం లైను కలిసిన రోజు, ఆ ముసురులో జరిగిన పనులన్నీ ఒకదాని వెనక ఒకటి వరుసగా అక్కడి సర్వర్‌లోకి చేరుతుంటే పెద్దసారు తన గదిలో కూర్చుని చూశారట. మధ్యాహ్నం ఫోన్ చేశారు.

"అమ్మా, నేను ఓడిపోయాననుకోవద్దు, గెలిచాననే అనుకుంటున్నాను. మీ పొయ్యిలన్నీ వెలిగించుకోండి. ఏరియాలన్నిటికీ ప్లాను పంపండి. ఎవరైనా అడ్డమొస్తే నా దగ్గరికి పంపండి."

తర్వాతి సంవత్సరాల్లో మేడం తిరగని బాయి లేదు. మందమర్రి, బెల్లంపల్లి, భూపాలపల్లి, మణుగూరు. ఎక్కడికి పోయినా ల్యాంపు రూము ముందు ఏదో ఒక బెంచీ చూసుకునేవారు. ప్రమోషన్ వచ్చింది, ఏసీ గది వచ్చింది. ఆ గదిలో ఆమెను పట్టుకోవడం కష్టమని అటెండరు నాతో మొరపెట్టుకునేవాడు.

తెలంగాణ కోసం సమ్మెలు నడిచిన రోజుల్లో బొగ్గు తీసే పనులన్నీ ఆగిపోయాయి. బాయిలు మునగకుండా పంపులూ, గాలి ఫ్యాన్లూ నడిపించే పనులు మాత్రం సర్వర్‌లో ఒక్కటీ ఆగలేదు. అప్పుడొక అధికారి, డ్యూటీకి రానివాళ్ల పేర్లు ఆ సర్వర్‌లోంచి తీసిమ్మని ఆమెను అడిగారు.

"చేసినోళ్ల పేర్లే ఉంటయ్ సర్ ఇందుల. చెయ్యనోళ్ల పేర్లు పెట్టే జాగ నేను కట్టలె" అన్నారు మేడం. ఆయన లేచి వెళ్లిపోయారు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. పక్కనున్నాను కాబట్టి నాకు తెలుసు.

రాష్ట్రం వచ్చిన వారంలోనే చివరి ఏరియా కూడా సర్వర్లతో కలిసింది. కొత్తగూడెంలో నిలబడి చూస్తే ఆ చివరినుంచి ఈ చివరిదాకా ప్రతి బాయి పనీ కనిపిస్తుంది. ఏ లైను తెగినా ఏ బాయీ ఆగదు. ఆమె మొదటిరోజు బెంచీ మీద వేలితో గీసిందంతా నిజమై నిలబడింది.

రాష్ట్రం వచ్చిన రోజున గోదావరిఖని చౌరస్తాలో నేలీనినట్టు జనం. డప్పులు, గులాల్, జెండాలు. నేనూ మేడమూ ఏరియా ఆఫీసు జీపులో వస్తుంటే ముందుకు పోవడానికి సందు లేదు. దిగి నడుస్తున్నాం. మా బాయి క్యాంటీన్ ఆడవాళ్లు, కాలనీ ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతూ ఆడుతున్నారు. వాళ్లలో ఒకామె మేడంను చూసింది. చెయ్యి పట్టుకుని లోపలికి గుంజింది.

"నాకు రాదు అవ్వా" అన్నారు మేడం.

"ఎవలకొస్తదక్కా? దునుకుడే."

దిగారు. మొదట రెండడుగులు మొహమాటంగా వేశారు. ఎవరో దోసెడు గులాల్ తల మీద గుమ్మరించారు. ఇక ఆగలేదు. ఆ ముడి ఊడిపోయింది. అంతమంది ఆడవాళ్ల మధ్య ఆ పొట్టి మనిషి చేతులు పైకెత్తి, పెద్దగా నవ్వుతూ, డప్పుకు సరిగ్గా అడుగేస్తూ తిరిగారు. అంత గట్టిగా నవ్వడం అన్నేళ్లలో నేను వినలేదు.

అదే సమయంలో వెనకనుంచి జనరల్ మేనేజర్ గారి జీపు వచ్చి ఆగింది. డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. నేను ఆ గుంపులోకి దూరి ఆమె చెవి దగ్గర, "జీఎం సారు జీపు ఆగింది మేడం. తొవ్వ ఇద్దాం" అన్నాను.

మేడం ఆడుతూనే తల తిప్పి చూశారు. మొహమంతా గులాబీ రంగు.

"జరసేపు ఆగనియ్ అన్నా" అన్నారు. "ఇయ్యాల తొవ్వ మనది."

నా చెయ్యి కూడా పట్టుకుని వలయంలోకి లాగేశారు.